మగ్రిబ్ దాకా నిలిచే మాత్ర

రంజాన్ నెలవంకకు ఇంకా వారం ఉందనగానే ఏటి ఒడ్డున ఉన్న మా రషీద్ ఊళ్లో బనూబ్ గారి మందుల కొట్టు కిటకిటలాడేది. వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, తెల్లవారుజామున సహరీలో ఒకటి వేసుకుంటే పొద్దుగూకే మగ్రిబ్ దాకా నిలవాలి. అలాంటి మాత్ర ఏదైనా ఇవ్వండి." పొద్దున్నే టీ పడకపోతే తల పట్టేసేవాళ్లు, నడుములు పోయిన పడవల కూలీలు, పన్ను పీకించుకోవడాన్ని పండగ తర్వాతకు నెట్టేద్దామనుకునే పిరికివాళ్లు, అందరూ ఆ గుంపులోనే. మందులమ్మేవాణ్ణి కూడా మేం డాక్టరనే పిలుస్తాం. బనూబ్ గారు క్రైస్తవుడు, ఆయన ఉపవాసాల లెక్క వేరు. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, "అంతసేపు నిలిచేది నాకు తెలిసి మా ఆవిడ అలక ఒక్కటే. పొట్లం కట్టి ఇవ్వమంటారా?" అనేవాడు.

ఆ గుంపులో ఏటా అందరికంటే ముందు నిలబడేది మా వదిన తఫీదా.

ఆమెను చూసిన ఎవరికీ ఒంట్లో నలతగా ఉన్న మనిషని అనిపించేది కాదు. నిలువెత్తు విగ్రహం, పెద్ద గొంతు, మోచేతుల దాకా పైకి మడిచిన గౌను చేతులు. దమన్‌హూర్ పట్నంలో వాళ్ల నాన్న కునాఫా మిఠాయికి పిండి పోగులు పోసేవాడు. కొడుకులు లేకపోవడంతో చేతిలో ఉన్న విద్యంతా కూతురికే నేర్పాడు. ఆమె మా ఇంటి కోడలయ్యేనాటికి మా నాన్న మిఠాయి కొట్టు ఈగలు తోలుకుంటోంది. మా అన్న షౌకీకి పడవల మీద ఉన్న మోజు పాకం మీద లేదు. ఏటి ఒడ్డున చెక్కలతో పడవలు కట్టే పనిలోనే అతని పొద్దు గడిచేది. నాన్న పోయాక మా అమ్మ జన్నూబా కొట్టు తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, "అమ్ముకుంటావో నడుపుకుంటావో నీ ఇష్టం" అంది. తఫీదా అమ్మలేదు.

కొట్టు ముందర గుండ్రటి పెద్ద రాగి పెనం, కింద గ్యాసు మంట. చిల్లుల గిన్నెలో జారుపిండి పోసుకుని ఆమె చెయ్యి సుడి తిప్పితే పెనం మీద వెంట్రుకల్లాంటి పోగులు వలయాలు వలయాలుగా పడేవి. కన్ను మూసి తెరిచేలోగా అవి ఆరేవి. జుట్టు ఎత్తి ముడేసుకున్నట్టు వాటిని గుప్పిట్లో ఎత్తి పక్కన పడేసేది. నేను త్రాసు దగ్గర కూచుని తూచి పొట్లాలు కట్టేదాన్ని. నా పేరు సనీయా. కుదిరిన పెళ్లి ఒకటి తప్పిపోయాక మళ్లీ ఆ ఊసెత్తనివ్వకుండా పుట్టింట్లోనే ఉండిపోయాను. వదినా ఆడపడుచులకు పడదంటారు. మాకు పడేది. పడని రోజున మాత్రం వీధి చివరిదాకా వినిపించేది.

తలనొప్పి ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. మొదట్లో ఏ వారానికో పది రోజులకో వచ్చేది. కణతలో మేకు దిగినట్టు ఉండేదట. ఒక మాత్ర మింగితే ఆ రోజంతా మళ్లీ చప్పుడు చేసేది కాదు. కొన్నేళ్లు పోయాక అదే మాత్ర పొద్దు వాలే అసర్ నమాజు దాకా నిలిచేది. ఇంకొన్నాళ్లకు మధ్యాహ్నం జుహర్ దాకా. చివరికి కలిపిన పిండి అయిపోయేలోపే దాని పని అయిపోయి ఇంకోటి పడాల్సి వచ్చేది. ఏప్రన్ జేబులో ఒక షీటు, గల్లాపెట్టెలో ఒకటి, తలగడ కింద ఒకటి ఉండేవి. పొద్దున్న లేవగానే నొప్పి ఉన్నా లేకపోయినా ఒకటి వేసుకునేది. "అది వచ్చి నన్ను కొట్టేలోపు నేనే దాన్ని కొట్టాలి" అనేది.

కొట్టులో రేడియో మోగడం మానేసి ఏళ్లయింది. ఎవరైనా గిన్నె గట్టిగా పెడితే ఉలిక్కిపడేది. మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. "మా కోడలికి రొట్టె ఖర్చు లేదమ్మా. రెండు బిళ్లలు పడేస్తే చాలు, గాడిదలా పని చేస్తుంది" అని ఇరుగమ్మతో అనేది. మళ్లీ కోడలు తల పట్టుకుని కూలబడితే తనే పరుగెత్తుకొచ్చి, నల్ల రుమాలు నుదుటికి చుట్టి, ముడిలో ఇంటి తాళంచెవి దూర్చి మెలి తిప్పి బిగించేది. ఆ బిగువుకు కాసేపు హాయిగా ఉండేదట.

రంజాన్ వస్తే ఆమెకు నరకమే. కునాఫా లేని ఇఫ్తార్ ఉండదు కాబట్టి మాకు అసలు పని ఆ నెలలోనే. సహరీలో రెండు మాత్రలు మింగేది. పొద్దెక్కేసరికి వాటి బలం దిగిపోయేది. జుహర్ అయ్యేసరికి వాంతి వచ్చేట్టయి వెనక గదిలోకి పోయి, నీళ్లతో ఇంకో మాత్ర వేసుకుని ఉపవాసం విడిచేసేది. జబ్బుచేసిన మనిషికి తప్పేమీ లేదు, తర్వాత తీర్చుకోవచ్చు. అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేది. "దేవుడికి చెప్పుకుందామంటే నా రోగానికి పేరైనా లేదు సనీయా. తలనొప్పట! ఎవరికి లేదు తలనొప్పి?" అనేది.

నేను చెప్పే ఏడు రంజాన్ నడివేసవిలో పడింది. పగళ్లు పొడుగు, పెనం దగ్గర నిలబడితే నెత్తి మీదా సూర్యుడే, కడుపు ముందరా సూర్యుడే. నెలవంకకు ఇంకా చాలా రోజులుందనగానే వదిన నన్ను వెంటబెట్టుకుని బనూబ్ గారి దగ్గరికి వెళ్లింది.

"మగ్రిబ్ దాకా నిలిచేది కావాలి. ఈసారి మీ ఆవిడ అలక సంగతి ఎత్తకండి" అంది.

ఆయన నవ్వలేదు. "ఇప్పుడు వేసుకుంటున్నది ఎంతసేపు నిలుస్తోందమ్మా?"

"పిండి నానినంతసేపు కూడా నిలవడం లేదు."

"మొదట్లో?"

"మొదట్లో రోజంతా ఉండేది. అప్పటి మందుల్లో సత్తా ఉండేది. ఇప్పుడు అన్నీ కల్తీ."

"సరే, నెలలో మాత్ర వేసుకోని రోజులు ఎన్ని ఉంటాయి?"

వదిన నా వైపు చూసింది. నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

"అలాంటి రోజు ఉంటే గుర్తుండేది" అంది చివరికి.

ఆయన తెరిచిన సొరుగు మళ్లీ మూసేశాడు. "నా తప్పూ ఉందిలే. నా దగ్గర కొన్నవే లెక్కపెట్టుకుని, పెద్దగా ఏం వాడుతోందిలే అనుకున్నాను. బజారులో ఇంకో రెండు కొట్లలో కూడా కొంటున్నావని మొన్ననే తెలిసింది. విను తల్లీ. నొప్పి మాత్ర నొప్పిని తగ్గిస్తుంది, నిజమే. కానీ రోజూ పడుతుంటే తల దానికి అలవాటు పడిపోతుంది. బలం దిగగానే ఇంకోటి కావాలని ఏడుస్తుంది. ఆ ఏడుపే నీకు నొప్పిగా తెలుస్తోంది. ఇవాళ నువ్వు మందు వేస్తున్నది రోగానికి కాదు, నిన్న వేసుకున్న మందుకు."

"అంటే నాది నాటకమంటారా?"

"నొప్పి నిజమేనమ్మా. నాటకమైతే ఎప్పుడో తెర దించేద్దుం."

ఆమె గొంతు పెరిగింది. "ఇరవై ఏళ్లుగా నా తల మీదనే మీ కొట్టు నడిచింది. సరిగ్గా రంజాన్ ముందు మీకు నీతులు గుర్తొచ్చాయా? పదవే సనీయా, ఊళ్లో ఇంకెవరూ మందులమ్మడం లేదా ఏం?"

నేను గడప దాటుతుంటే ఆయన మెల్లగా పిలిచి చెప్పాడు. "దమన్‌హూర్‌లో నరాల డాక్టరమ్మ ఉంది. ముందు ఆమెకు చూపించండి. తలలో వేరే ఏమీ లేదని తేల్చాల్సింది ఆమే. నా మాట పట్టుకుని ఇంట్లో కూచుని ఏదీ మానెయ్యకండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడే సాహసం చెయ్యలేదు. అన్న మాత్రం చేతులకంటిన తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు. "పడవలోకి నీళ్లొస్తుంటే ఎవడైనా తోడి పోస్తూనే ఉంటాడు. తోడే డబ్బానే అడుగున చిల్లు పెడుతోందని ఎవరైనా చెబితే ఒళ్లు మండుతుంది. మండదూ మరి? కానీ ఒకసారి ఒడ్డుకు లాగి బోర్లించి చూస్తే పోయేదేముంది?"

"నేను పడవనా?" అంది వదిన.

"ఊళ్లో నేను కట్టనిది అదొక్కటే" అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వితే కణత నొప్పి పుట్టి మళ్లీ తల పట్టుకుంది.

దమన్‌హూర్ డాక్టరమ్మ చిన్న వయసుదే. కళ్లలోకి దీపం వేసి చూసింది, రక్తపోటు చూసింది, నడిపించింది, ఏవో పరీక్షలు రాసి అవి వచ్చాక మళ్లీ రమ్మంది. పరీక్షల్లో వేరే ఏ జబ్బూ తేలలేదు. చివరికి బనూబ్ గారి మాటే ఆమె నోటా వచ్చింది. నొప్పి మాత్రలు పండగ దాకా పూర్తిగా ఆపెయ్యాలి, టీ కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి, పడుకునే ముందు వేసుకోవడానికి వేరే చిన్న మాత్ర ఇస్తాను, అది నొప్పిని చంపేది కాదు, రాకుండా కాపలా కాసేది అని చెప్పింది. "మొదటి వారం పది రోజులు చాలా కష్టంగా ఉంటుంది. ఇప్పుడున్న దానికంటే ఎక్కువే ఉంటుంది. వాంతులు అయితే ఉపవాసం విడిచి నీళ్లు తాగాలి, నా దగ్గరికి రావాలి. మొండికెయ్యకూడదు."

"ఇదంతా పడితే ఇక తలనొప్పే రాదా?" అని వదిన అడిగింది.

"వస్తుందమ్మా. మొదట్లో మీకుండేది మీకుంటుంది. అది అప్పుడప్పుడూ వచ్చి పోయే చుట్టం. ఇప్పుడున్నది మీ ఇంట్లో కాపురం పెట్టేసింది."

తిరుగు బస్సులో వదిన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మా ఊరి ఖర్జూర తోటలు కనబడుతుండగా కళ్లు తెరవకుండానే, "చుట్టమైతే భరిస్తాను" అంది.

రంజాన్‌కు ఇంక ఒకటి రెండు రోజులే ఉంది. ఇంటికి రాగానే మాత్రల వేట మొదలైంది. రవ్వ జాడీ వెనక దొరికాయి, మంచం కోళ్ల దగ్గర, అన్న పనిముట్ల సంచిలో, అమ్మ ట్రంకు పెట్టెలో పాత శాలువా మడతల్లో దొరికాయి. పెనం పక్క గూట్లో ఉన్నవైతే వేడికి రంగు మారిపోయాయి. కొన్నింటి మీద తేదీ దాటి ఏళ్లయింది. అన్నీ ఖాళీ పిండి డబ్బాలో పోస్తుంటే అమ్మ అడ్డు పడింది.

"పారబోస్తారా ఏంటి? బిళ్లేమన్నా పాలా, విరిగిపోవడానికి?"

ఆ డబ్బా బనూబ్ గారి బల్ల మీద పెట్టినప్పుడు అమ్మ అదే మాట అక్కడా అంది. ఆయన ఓపిగ్గా ఒక్కొక్క షీటూ తిప్పి చూశాడు. "తేదీ దాటిన మర్నాడే విషమైపోదు పెద్దమ్మా. చల్లగా, పొడిగా పెట్టుకుంటే కొన్నాళ్లు పని చేస్తుందేమో కూడా. కానీ ఎంత చేస్తుందో పూచీ ఉండదు, అందుకే ఆ తేదీ వేస్తారు. మీ ఇంట్లోవి పెనం పక్కన ఉడికాయి, స్నానాల గదిలో చెమ్మ పట్టాయి. ఇదిగో, ఇది వాసన చూడండి."

అమ్మ చూసింది. "పుల్లటి సిర్కా వాసన."

"ఆ జాతి మాత్ర పాడైతే అలాగే కంపు కొడుతుంది."

"అందుకేనా నా మోకాళ్ల నొప్పులు తగ్గనిది!" అని అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. ఆయన నవ్వుతూ డబ్బా లోపలికి లాక్కున్నాడు, తనే పద్ధతిగా పారేయిస్తానన్నాడు. వదినకు ఆయన ముఖం చూడ్డానికి మొహమాటంగా ఉంది. వెళ్లేటప్పుడు, "మొన్న నోరు జారాను" అంది.

"నీ నోరు కాదులే, నీ తల మాట్లాడింది" అన్నాడాయన.

అమ్మ ఆ రోజే ఇంకో ప్రకటన చేసింది. కోడలు మానినన్నాళ్లూ తన మోకాళ్ల బిళ్లలు ఇంట్లో ఉంచదట. మరీ నొప్పెడితే పక్కింటికి పోయి వేసుకుంటుందట. "ఇంట్లో ఒక్కటున్నా అది పసిగడుతుంది, చేపను పిల్లి పసిగట్టినట్టు" అంది. నెలంతా ఆ మాట మీదే నిలబడింది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ పక్కింటి మెట్లెక్కడం నేను చూశాను.

రంజాన్ మొదటి రోజు వదిన పెనం దగ్గర నిలబడగలిగింది. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది. రెండో రోజు మధ్యాహ్నం గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. మూడో రోజుకు తల ఎత్తలేకపోయింది. నీళ్లు తాగాల్సిన వేళ వచ్చిందని అమ్మే గ్లాసు పట్టుకొచ్చింది. వదిన మొహం తిప్పుకుంది.

"ఈ ఏడు కూడా విడిచేస్తే ఇక నాకు సిగ్గెందుకు అత్తయ్యా?"

"నీళ్ల ఉపవాసం పోతే పోనీ, చలికాలంలో తీర్చుకుందువుగాని. బిళ్లల ఉపవాసం ఉండు. దేవుడికి రెండూ కనబడతాయి" అని అమ్మ ఆమె గడ్డం పట్టుకుని తాగించింది. తర్వాత రుమాలు, తాళంచెవి.

బయట జనం చేరుతున్నారు. పెనం కాలుతోంది. పోసే చెయ్యి వెనక గదిలో పిండి బస్తాల మీద పడుకుని ఉంది. దిక్కులేక నేనే చిల్లుల గిన్నె అందుకున్నాను. ఇన్నేళ్లు పక్కన కూచుని చూశాను కదా, ఏముందిలే అనుకున్నాను. మొదటి సుడికే పిండి ముద్దలుగా పడింది. రెండోది పోగులుగా వచ్చింది గానీ ఒక్కొక్కటీ వేలంత లావు.

చేపల అంగడి గన్నాము వరసలో ముందున్నాడు. పెనంలోకి తొంగి చూసి, "సనీయక్కా, ఇది కునాఫానా, పడవను కట్టే మోకా?" అన్నాడు.

"మోకైతే నీ నోరు కట్టడానికి పనికొస్తుంది. కావాలా వద్దా?"

"వద్దంటే ఇంటికెళ్లి ఏం చెప్పను? ఇవ్వు. పళ్లు గట్టివే."

అంతలో అన్న ఏటి ఒడ్డు నుంచి వచ్చాడు. నా అవస్థ చూసి గిన్నె లాక్కుని, పడవకు తారు పూసినట్టు అటూ ఇటూ పూశాడు. అది కునాఫా కాలేదు, దోసె కాలేదు. వరసంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్య వెనక గది తెర చాటు నుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

"ఎవరది పెనాన్ని కొడుతున్నది? షౌకీ, నువ్వు దిగు అక్కణ్ణించి. సనీయా, నువ్వు పట్టుకో. నీకు భయమేస్తోంది, అందుకే గిన్నె పైకెత్తి పోస్తున్నావు. కిందికి దించు. చెయ్యి తిప్పకు, భుజం తిప్పు."

"నీకెలా తెలుసు వదినా, చూడకుండానే?"

"చప్పుడు వినబడుతోందిగా. లావు పోగు బుస్సుమంటుంది, సన్న పోగు గుసగుసలాడుతుంది. ఊఁ, పొయ్యి."

పోశాను. బుస్సుమంది. మళ్లీ పోశాను. అలా ఆమె తెర వెనక కళ్లు మూసుకుని చెబుతూ ఉంటే నేను పోస్తూ పోయాను. మధ్యలో ఒక్కోసారి ఆమె మూలుగే వినిపించేది, మాట ఉండేది కాదు. ఇఫ్తార్ వేళ తెలిపే ఫిరంగి మోగడానికి ముందు ఆఖరు మనిషికి తూచి ఇచ్చింది వెంట్రుక కాదు గాని, సేమ్యా అంత సన్నంగా వచ్చింది. గన్నాము మర్నాడు కూడా వచ్చాడు. మోకు బాగానే ఉందట, పాకం బాగా పట్టిందట.

అన్నిటికంటే గడ్డురోజు ఆ తర్వాత వచ్చింది. ఇఫ్తార్ అయిపోయింది, ఇప్పుడు మాత్ర వేసుకున్నా ఉపవాసానికి అడ్డు లేదు. ఎంగిలి పళ్లేలు తీస్తుంటే వదిన నా చేతి మీద చెయ్యి వేసింది. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

"నీ సంచిలో ఒకటుంటుంది. నాకు తెలుసు. ఒక్కటివ్వు, సగమే వేసుకుంటాను."

నిజంగానే ఉంది. నెలసరి నొప్పికి దాచుకున్నది. లేదని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఉంది. ఇవ్వను" అన్నాను.

"నువ్వు ఆడపడుచువి కాదే, జైలరువి! నీకెప్పుడైనా తల పగిలితే తెలిసేది. మొగుడు లేనిదానివి, నీకేం తెలుసు బాధంటే?"

అన్న లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఆ మాట నాకు గుచ్చుకోలేదని అనను. కానీ ఆమె కళ్లు చూస్తే తిట్టేది ఆమె కాదని తెలుస్తోంది. సంచి తెచ్చి, షీటు తీసి, గుమ్మంలోకి వెళ్లి ఎదురింటి వాళ్ల కోడలి చేతికి ఇచ్చేసి వచ్చాను. తర్వాత తడిగుడ్డ పిండి ఆమె నుదుటి మీద వేసి తల ఒళ్లో పెట్టుకున్నాను. చాలాసేపు పళ్లు బిగించి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయింది. మాత్ర లేకుండా ఆమె నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు.

తెల్లారి నా ముందు అంజూరపు పళ్ల గిన్నె పెట్టి పక్కన కూచుంది. క్షమించమని అడగలేదు. "నిన్న పోగు బాగా తీశావు" అంది. నాకు అది చాలు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. ఒక పూట పెనం దగ్గర, ఒక పూట బస్తాల మీద. రోజూ అలాగే ఉన్నట్టుండేది. నెల సగం దాటాక ఒక మధ్యాహ్నం, వరస అప్పుడే మొదలవుతోంది. వదిన పోస్తోంది, నేను తూస్తున్నాను. నిమ్మకాయల బండివాడు మా గుమ్మానికి అడ్డంగా బండి ఆపి, గంట గణగణలాడించి కేకలు పెట్టాడు. ఆ గంటకు ఆమె తల ఏమవుతుందోనని గబుక్కున లేచాను. వదిన గిన్నె పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, వాడి కంటే రెట్టింపు గొంతుతో అందుకుంది.

"ఏరా, నీ బండి పెట్టుకోవడానికి ఏరంతా ఖాళీగా ఉండగా నా పెనమే దొరికిందా? లాగు అవతలికి! లాగేముందు ఒక కిలో తూచు. పుల్లనివైతే నీ నెత్తిన పిండుతాను."

వాడు బెదిరిపోయి తూచాడు. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"అలా చూస్తావేం?"

"గంట... వదినా, గంట మోగింది కదా?"

ఆమె ఆగిపోయింది. రెండు వేళ్లతో కణత నొక్కి చూసుకుంది. పోయిన వస్తువు కోసం జేబు తడుముకునే మనిషిలా రెండో కణతా నొక్కి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరైనా వింటే మళ్లీ వస్తుందేమో అన్నట్టు అంది. "రేడియో ఎక్కడుంది?"

అన్న దాన్ని ఎక్కడి నుంచో వెతికి తెచ్చి, దుమ్ము ఊది, తీగ బిగించి పెట్టాడు. మొదట గరగర, తర్వాత ఖురాన్ పారాయణం. వరసలో ఉన్నవాళ్లు కూడా మాటలు ఆపేశారు. వదిన పోస్తూనే ఉంది. కన్నీళ్లు పెనం మీద పడకుండా ముఖం పక్కకు పెట్టుకుని పోస్తోంది. ఆ రోజు ఉపవాసం ఆమె మగ్రిబ్ దాకా నిలబెట్టింది, ఆ తర్వాతివి కూడా.

పండగ నాడు మేం నలుగురం పడవ మీద అబూ మందూర్ మసీదుకు వెళ్లాం. నీళ్ల మీది ఎండ మెరుపుకు జడిసి వదిన ఏళ్లుగా ఆ వైపే రాలేదు. అమ్మను అన్న ఎత్తి పడవలో కూచోబెట్టాడు. దోవ పొడుగునా పడవవాడికి అతను పడవల గురించి పాఠం చెబుతుంటే, "నువ్వు కట్టిందైతే ఈపాటికి మనం ఈదుకుంటూ పోయేవాళ్లం" అని వదిన ఏడిపించింది.

పండగ రెండో రోజు పొద్దున తలనొప్పి వచ్చింది. మెల్లగా కాదు, పాత రోజుల్లోలా మేకు దిగినట్టే వచ్చింది. వదిన మంచం మీద కూచుని మమ్మల్నందర్నీ చూసింది. అయిపోయింది, పడిన కష్టమంతా ఏట్లో పోసినట్టే అనుకున్నాం. నేను బనూబ్ గారింటికి పరుగెత్తాను. ఆయన పండగ పూట మా ఇళ్ల నుంచి వెళ్లిన కహక్ బిస్కెట్లు టీలో ముంచుకుంటున్నాడు.

"డాక్టరమ్మ పండగ దాకా ఒక్కటి కూడా వద్దంది కదా. పండగ అయింది. ఇక వారంలో రెండు రోజులు మించకూడదు, అంతే" అని కొట్టు తెరిచి, కొత్త షీటులోంచి ఒకటే ఒకటి కత్తిరించి ఇచ్చాడు. "షీటు మొత్తం ఇవ్వను. కోపమొస్తే రమ్మను, తిట్టమను."

వదిన ఆ మాత్రను చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. మింగి, కిటికీ మూయించుకుని పడుకుంది. మేం వాకిట్లో కూచున్నాం. అమ్మ జపమాల తిప్పుతోంది. అన్న ఒక చెక్క ముక్కను ఊరికే చెక్కుతూ కూచున్నాడు. నాకు మాత్రం ఆమె ఎప్పుడు లేచి ఇంకోటి అడుగుతుందో, నేనేం చెప్పాలో అన్నదే ధ్యాస. జుహర్ అయింది. అసర్ అయింది. లోపల అలికిడి లేదు.

ఎండ గోడ దిగుతుండగా తలుపు తెరుచుకుంది. జుట్టంతా రేగి, చెంప మీద తలగడ గుర్తులతో వదిన గడపలో నిలబడింది. మా ముఖాలు చూసి కంగారు పడింది.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"నొప్పి ఎలా ఉంది?" అన్నాడు అన్న, చెక్క ముక్క కింద పెట్టకుండానే.

"నొప్పా? అది పొద్దున్నే పోయిందిగా. నేను నిద్రపోయాను." ఆవలించింది. "పండగ పూట ఇంట్లో ఫెసీఖ్ చేప లేదా? ఉప్పు చేప, ఉల్లిపాయ లేకుండా అందరూ మసీదు మెట్ల మీద కూచున్నట్టు ఇలా కూచున్నారేంటి? సనీయా, గన్నాము కొట్టు తెరిచే ఉంటుంది, పోయి మంచిది చూసి తీసుకురా. కళ్లు మెత్తబడినదాన్ని అంటగడతాడు, వాడి మాట వినకు."

లేచి వెళ్లాను. వెనక అమ్మ, తన మోకాళ్ల బిళ్లలు ఇక ఇంట్లోనే పెట్టుకోవచ్చా అని కోడలిని అడుగుతోంది.